నేలను చదివే బిడ్డలు కావాలి

పులివెందుల ప్రాంతంలో బోరు వేయదలచిన రైతు ముందుగా వెతికేది రిగ్గు లారీని కాదు, నీళ్ల జాడ చెప్పేవాణ్ణి. ఆ మనిషి వచ్చి చేనంతా తిరుగుతాడు. అరచేతిలో కొబ్బరికాయ నిటారుగా లేచిన చోటనో, పంగల పుల్ల కిందికి వంగిన చోటనో సున్నంతో గుర్తు పెడతాడు. రైతు టెంకాయ కొట్టి రిగ్గు దింపుతాడు. జల పడితే దేవుడి దయ. పడకపోతే తెల్లవారేసరికి చేలో రాతిపిండి గుట్ట, ఇంట్లో అప్పు పత్రం మిగులుతాయి. మరుసటి ఏడు మరో మూలన మరో బోరు. ఒకే చేలో నాలుగైదు ఎండు బోర్లున్న రైతులు వేముల, లింగాల, సింహాద్రిపురం వైపు ఎందరో వున్నారు.

ఇందులో రైతును తప్పు పట్టవలసింది లేదు. అడిగితే చెప్పే మనిషి వూళ్లో లేనప్పుడు కొబ్బరికాయనే అడుగుతాడు. విచారించవలసిన సంగతి మరొకటి వున్నది. ఊరికో ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు, హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో కంప్యూటర్ల ముందు కూర్చున్న బిడ్డలు వున్న ఈ తాలూకాలలో, కాళ్ల కింది నేలను చదవగలిగిన బిడ్డ మాత్రం పది ఊళ్లు వెతికినా కనిపించటం లేదు.

రాళ్ల పుస్తకంలో ఊళ్ల పేర్లు

ప్రపంచంలో భూగర్భ శాస్త్రం చదివినవారికి కడప పేరు కొత్త కాదు. భారత భూగర్భ సర్వే సంస్థ 1851లో ఏర్పడింది. ఆ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతమంతా తిరిగి కడప, కర్నూలు రాతి పొరలపై 1872లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. పొరలకు ఆయన పెట్టిన పేర్లు వింటే ఈ జిల్లా రైతు ఆశ్చర్యపోతాడు. పాపాఘ్ని వర్గం, చెయ్యేరు వర్గం, నల్లమల వర్గం, జమ్మలమడుగు వర్గం, కుందేరు వర్గం. అన్నీ ఇక్కడి నదులూ, కొండలూ, ఊళ్లే. పులివెందుల దగ్గర పొరల మధ్య చొరబడి గడ్డకట్టిన నల్లరాయి వయస్సు దాదాపు 190 కోట్ల ఏళ్లని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. వేంపల్లె పేరు మీద ఒక రాతి వరుస వున్నది. తుమ్మలపల్లె యురేనియం దొరికింది ఆ వరుసలోనే.

ఊరి పేరు పుస్తకానికెక్కింది. ఆ పుస్తకం చదివే బిడ్డ ఊళ్లో లేడు. ఈ లోటు వల్ల కలిగే నష్టం ఏమిటో గత పదేళ్లలో ఈ జిల్లా ఒకటికి నాలుగుసార్లు చవిచూసింది.

చెయ్యేరు నేర్పిన పాఠం

2021 నవంబరు 19. కార్తీక పౌర్ణమి. అప్పటి కడప జిల్లా రాజంపేట మండలంలో చెయ్యేటి మీద వున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెల్లవారుజామున తెగిపోయింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి ఆ నీళ్లు కూడా దీని మీద పడ్డాయి. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లపై ఏరు విరుచుకుపడింది. శివాలయానికి దీపాలు పెట్టడానికి వెళ్లినవారు తిరిగి రాలేదు. నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులో వున్నవారు వరదలో చిక్కుకున్నారు. మొత్తం ముప్పై మందికి పైగా ప్రాణాలు పోయాయి. పొలాల్లో మేటలు వేసిన ఇసుక ఇప్పటికీ ఆ ఊళ్లవారికి పీడకల.

ఆ రెండు మూడు రోజులలోనే కమలాపురం వద్ద పాపాఘ్ని మీది వంతెన కుంగి కూలింది. కింగ్ దొర రాళ్లకు పేర్లు తీసుకున్న ఏర్లు రెండూ ఒకే వారంలో జిల్లాను దెబ్బకొట్టాయి. అంతకు రెండేళ్ల ముందు, 2019 సెప్టెంబరులో, కుందూ పొంగి రాజుపాళెం, పెద్దముడియం వైపు చేలను ముంచింది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. అన్నమయ్య ప్రాజెక్టు తెగింది రాతి లోపం వల్ల అని ఎవరూ అనలేదు. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని 2021 డిసెంబరులో కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలోనే చెప్పారు. నీరు పోయే దారి చాలక, కట్ట మీదుగా పొర్లింది. మట్టికట్ట మీద నీరు పొర్లితే అది నిలవదు. ఈ సంగతి చెరువు కింద బతికిన ప్రతి ముసలాయనకూ తెలుసు. అలుగు పూడితే కట్టకు ముప్పు అని చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. అయితే ఏ వాన పడితే ఎంత నీరు వస్తుంది, ఎన్ని గంటల్లో వస్తుంది, ఏ ఊరు ఎంత లోతు మునుగుతుంది అన్నది ముందుగా లెక్కగట్టి, ఊరివారికి అర్థమయ్యేలా చెప్పడానికి చదువు కావాలి. ఆ రాత్రి ఆ ఊళ్లకు లేకపోయింది అటువంటి మనిషే.

పోరుమామిళ్ల శాసనం

ఈ జిల్లాకు ఇది తెలియని విద్య కాదు. పోరుమామిళ్ల చెరువు దగ్గర క్రీ.శ. 1369 నాటి శాసనం వున్నది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి వేయించిన శాసనం అది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా అందులో వున్నది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, చెరువుకు వుండకూడని 6 దోషాలను ఆ రాతి మీద చెక్కించారు. గట్టి మన్నుగల నేల వుండాలి. దూరం నుంచి తీపి నీరు తెచ్చే ఏరు వుండాలి. రెండు కొండల నడుమ ఇమిడే గట్టి రాతికట్ట, మరీ పొడుగు కానిది, వుండాలి. మంచి రాయి దొరికే గని దగ్గరుండాలి. పని తెలిసిన జనం వుండాలి. వీటితో పాటు జలశాస్త్రం నేర్చిన పండితుడు కూడా వుండాలని రాశారు. దోషాలలో మొదట చెప్పదగ్గవి కట్ట నుంచి నీరు ఊరటం, నేల చౌడు కావటం.

ఈనాడు ఇంజనీరింగ్ జియాలజీ అని పిలిచే శాస్త్రం చెప్పేదీ ఇంతకు వేరు కాదు. కట్టడం బరువు మోసేది సిమెంటు కాదు, దాని కింది నేల. అమెరికాలో కాలిఫోర్నియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ డ్యాము 1928 మార్చి 12 అర్ధరాత్రి కూలి నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. నీటిలో నానితే మెత్తబడే రాయి మీద ఒక పక్క కట్టారని తర్వాత తేలింది. ఇటలీలో 1963లో వయోంట్ జలాశయంలోకి కొండచరియ జారిపడితే ఎగసిన అల ఆనకట్ట మీదుగా దూకి కింది ఊళ్లలో దాదాపు రెండు వేల మందిని చంపింది. ఆనకట్ట మాత్రం నిలిచే వుంది. ఇటువంటి దుర్ఘటనల తర్వాతే పెద్ద కట్టడాలకు రాతి నిపుణుడి మాట తప్పనిసరి అన్న ఆచారం లోకమంతటా గట్టిపడింది. పోరుమామిళ్ల శాసనం ఆ మాటను ఆరువందల యాభై ఏళ్లకు ముందే చెప్పింది. పన్నెండు అంగాలలో ఈ ఒక్కదాన్ని జిల్లా ఎక్కడో పోగొట్టుకున్నది.

కింద గుల్ల, పైన ఊరు

2015 నవంబరు, డిసెంబరు నెలల్లో కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలోని నాయనోరిపల్లె పరిసరాలలో ఉన్నట్టుండి నేల కుంగి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి. పచ్చటి చేలల్లో బావుల వంటి గోతులు చూసి జనం భయపడి ఇళ్లు వదిలారు. భూమాతకు కోపం వచ్చిందన్నారు, భూకంపం వస్తుందన్నారు. భూగర్భ సర్వే శాస్త్రజ్ఞులు వచ్చి చూసిన తర్వాత కారణం తెలిసింది.

సున్నపు జాతి రాయిని వాననీరు కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేల, లక్షల ఏళ్లలో రాతిలో గుల్లలు, సొరంగాలు ఏర్పడతాయి. జమ్మలమడుగుకు పొరుగునే, కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు ఈ విధంగా ఏర్పడినవే. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలను చూడటానికి జనం టిక్కెట్టు కొని వెళతారు. అటువంటి గుల్లలే చిన్నవి చేల కింద కూడా వుండవచ్చునన్న తలంపు చాలామందికి రాదు. ఏళ్ల తరబడి కరువు, దానికి తోడు బోర్లతో నీరు తోడటం వల్ల గుల్లలలోని నీటిమట్టం దిగిపోతుంది. పైన వున్న మట్టికి ఆసరా పోతుంది. తర్వాత ఒక్కసారిగా కుంభవృష్టి పడితే నానిన మట్టి గుల్లలోకి జారుతుంది. పైన గొయ్యి పడుతుంది. 2015లో జరిగినది అదే. ఎన్నో ఏళ్ల కరువు తర్వాత వచ్చిన పెద్ద వాన అది.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి తీసే కూలీకి రాతి పొర ఎక్కడ విడుతుందో, ఎక్కడ బొక్కలుంటాయో చేతి వాటంతో తెలుసు. అతని కొడుకు ఆ తెలివికి శాస్త్రం జోడిస్తే, ఏ ఊరి కింద గుల్ల వుండవచ్చునో పటం గీసి పంచాయతీ గోడకు అంటించగలుగుతాడు.

ప్రొద్దుటూరు గోడల నెర్రెలు

ప్రాణాలు తీసేది మాత్రమే విపత్తు కాదు. జీవితమంతా కూడబెట్టిన డబ్బు తినేది కూడా విపత్తే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడిలో ఇల్లు కట్టిన వారిని అడిగితే తెలుస్తుంది. వానాకాలంలో ఆ నేల నీరు తాగి ఉబ్బుతుంది. ఎండాకాలంలో నెర్రెలు విచ్చి కుంచించుకుపోతుంది. ఏటా ఈ ఊగిసలాటలో పునాది కదులుతుంది, గోడ మూలలు, గుమ్మాలపై బీటలు పడతాయి. ఇంటివారు వాస్తు బాగా లేదని గుమ్మం మార్పిస్తారు. మేస్త్రీ సిమెంటు పూసి పోతాడు. మళ్లీ ఏటికి మళ్లీ బీట.

దీనికి మందు ఏనాడో కనిపెట్టారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ రేగడి నేలల కోసం ప్రత్యేకమైన పునాదిని రూపొందించింది. నేల ఊగే లోతు దాటే వరకు సన్నటి గుంత తవ్వి, అడుగున వెడల్పు చేసి, కాంక్రీటు పోసి, వాటి మీద దూలం వేసి గోడ లేపటం ఆ పద్ధతి. చిన్న ఇళ్లకైతే రేగడిని కొంత లోతు తీసివేసి ఉబ్బని మన్ను దిమ్మిస వేసి నింపినా మేలే. ఖర్చు కొంత పెరుగుతుంది. కాని ఏటేటా మరమ్మతు తప్పుతుంది. ప్రభుత్వం పేదలకు కాలనీలు కట్టించే చోట మట్టి పరీక్ష ఫలితాన్ని లబ్ధిదారుకు చదివి వినిపించే ఆనవాయితీ వుంటే ఎన్నో బీటలు పడేవి కావు.

సొరంగంలో ఆగిన నీళ్లు

గండికోట జలాశయం కోసం తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు 2020లో ఖాళీ అయ్యాయి. జనం ఇళ్లను, గుళ్లను, తాతల సమాధులను నీటికి అప్పగించి పోయారు. 26.85 టీఎంసీల ఆ జలాశయానికి శ్రీశైలం నీళ్లు గోరుకల్లు, అవుకు మీదుగా గాలేరు-నగరి వరద కాలువలో రావాలి. దారిలో అవుకు దగ్గర జంట సొరంగాలు తొలిచారు. లోపల పగిలిన రాయి, వదులు మట్టి తగిలి పైకప్పు కూలుతూ వచ్చింది. కొద్ది దూరం కోసం ఏళ్లు గడిచాయి. ఆ చెడ్డ చోటును తప్పించి పక్కగా దారి తొలచవలసి వచ్చింది. రెండవ సొరంగం ప్రారంభమైనది 2023 నవంబరు 30న. కాలువ మీద ఆశ పెట్టుకున్న రైతులు వయసు మళ్లిపోయారు.

సొరంగం ఆలస్యమైతే పంట పోతుంది. సొరంగం కూలితే ప్రాణం పోతుంది. 2025 ఫిబ్రవరి 22న తెలంగాణలో దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు సొరంగం కూలి ఎనిమిది మంది బలి అయ్యారు. అటువంటి చోట రాయి ఎక్కడ బలహీనంగా వున్నది, ఊట ఎందుకు పెరుగుతున్నది అని రోజూ చూసి, అవసరమైతే పని ఆపమని చెప్పే మనిషే ఇంజనీరింగ్ జియాలజిస్టు. ఆపమన్న మాటకు విలువ ఇవ్వటం కాంట్రాక్టరుకు, ప్రభుత్వానికి కూడా అలవాటు కావాలి.

తుమ్మలపల్లె విషయం మరో విధమైనది. అక్కడి యురేనియం గని, కర్మాగారం 2012 నుంచి నడుస్తున్నాయి. వ్యర్థాల చెరువు వల్ల తమ బోరునీళ్లు చెడిపోతున్నాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. సంస్థ కాదంటున్నది. నీటి పరీక్ష కాగితాలు ఇంగ్లీషు అంకెలతో వస్తాయి. ఆ అంకెను చదివి, ఇది రాతిలోని సహజ గుణమా, చెరువు నుంచి ఊరినదా అని రెండు పక్షాలనూ నిలదీసి అడగగల బిడ్డ ఆ ఊళ్లలోనే వుంటే, ఈ వివాదం ఇన్నేళ్లు అనుమానాల మీద నడిచేది కాదు.

చదువు వున్నది, దారి వున్నది

ఈ చదువుకు ఎక్కడికో పోనక్కరలేదు. కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం వున్నది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, 1941లోనే ఈ శాఖను తెరిచిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వున్నది. సివిల్ ఇంజనీరింగు చదివేవారికి పులివెందుల జేఎన్టీయూ కళాశాల, ప్రొద్దుటూరులో యోగి వేమన వారి ఇంజనీరింగు కళాశాల, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వున్నాయి. సివిల్ చదివి, తర్వాత నేల, పునాదుల శాస్త్రంలో ఎం.టెక్. చేయవచ్చు. డిగ్రీలో భూగర్భ శాస్త్రం తీసుకున్నవారు ఐఐటీలలో ఎమ్మెస్సీ కోసం జాతీయ ప్రవేశ పరీక్ష రాయవచ్చు.

ఎమ్మెస్సీ తర్వాత పెద్ద తలుపు యూపీఎస్సీ ఏటా జరిపే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష. భూగర్భ సర్వే సంస్థలో జియాలజిస్టు, కేంద్ర భూగర్భ జల మండలిలో శాస్త్రజ్ఞుడు వంటి గెజిటెడ్ ఉద్యోగాలు దీని ద్వారానే వస్తాయి. వయసు 21 నుంచి 32 ఏళ్లు. వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు సడలింపు వున్నది. అణు ఖనిజ సంస్థ ప్రధాన కార్యాలయం, 1961 నాటి జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, భూగర్భ సర్వే శిక్షణ సంస్థ మూడూ హైదరాబాదులోనే వున్నాయి. రాష్ట్రంలో గనుల శాఖ, భూగర్భ జల శాఖ వున్నాయి. హిమాలయాలలో రైలు మార్గాలు, రోడ్డు సొరంగాలు, జల విద్యుత్ కేంద్రాలు కడుతున్న ప్రైవేటు సంస్థలకు సొరంగం ముఖం దగ్గర నిలబడి రాయిని చదివే మనుషులు నిత్యం కావాలి.

తల్లిదండ్రుల సందేహం కూడా కొట్టివేయదగ్గది కాదు. ప్రభుత్వ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ప్రైవేటులో మొదటి జీతం సాఫ్టువేరు జీతంతో సరితూగదు. ఎండలో, కొండల్లో తిరగాలి. ఆడపిల్లను పంపడానికి చాలా ఇళ్లలో వెనుకాడతారు. అయినా ఎండ అన్నది రాయలసీమ బిడ్డకు కొత్త కాదు. ఆడపిల్లలు ఈనాడు భూగర్భ సర్వేలో కొండలెక్కి పటాలు గీస్తున్నారు. కంప్యూటరు కొలువులలో మనుషులను తగ్గిస్తున్న వార్తలు ఏటా వస్తున్నాయి. అందరూ ఒకే దారిన పరుగెత్తి ఇరుక్కునే కన్నా, పదిమందిలో ఒక్కరు ఈ దారి పట్టినా వారికీ, ఊరికీ మేలు.

చేయవలసిన పనులు

ప్రభుత్వం చేయవలసినవి కష్టమైనవి కావు. మొదటిది, భూగర్భ జల శాఖలో, గనుల శాఖలో ఖాళీలు ఏర్పడితే ఏళ్లు గడవకుండా నింపాలి. చదివినవాడికి కొలువు కనిపిస్తేనే తమ్ముడు ఆ చదువుకు వస్తాడు. రెండవది, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో ఈ శాస్త్రం చదివే వీలు కల్పించాలి. రాళ్ల మధ్య వున్న కళాశాలలో రాళ్ల చదువు లేకపోతే శోచనీయం. మూడవది, బోరుకు అప్పిచ్చే బ్యాంకు, సంఘం ముందుగా నేల పరీక్ష జరిపించాలి. నేలలోకి విద్యుత్తు పంపి రాతి తీరు తెలుసుకునే పరీక్షకు అయ్యే ఖర్చు ఒక ఎండు బోరు ఖర్చులో కొద్ది భాగమే. శాస్త్రజ్ఞుడు చెప్పిన చోట కూడా ఒక్కోసారి జల పడదు. వేంపల్లె సున్నపురాతిలో ఒక బోరులో నీరు ఉబికి, ఇరవై గజాల దూరంలో ఎండిపోవటం వున్నదే. కాని "ఇక్కడ వద్దు" అని ధైర్యంగా చెప్పేవాడు శాస్త్రజ్ఞుడే. కొబ్బరికాయ ఏనాడూ వద్దని చెప్పదు.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యమైనది. 2021 డిసెంబరు 30న అమలులోకి వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం వానాకాలానికి ముందు, తర్వాత ఆనకట్టలను తనిఖీ చేయాలని, ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రణాళిక తయారు చేయాలని ఆదేశించింది. పాత ఆనకట్టలకు ఐదేళ్ల గడువు పెట్టింది. గండికోట, మైలవరం, పైడిపాళెం, చిత్రావతి జలాశయాల దిగువ ఊళ్ల గ్రామసభలలో ఆ తనిఖీ నివేదికను, ఆ ప్రణాళికను తెలుగులో చదివి వినిపించాలి. ఎన్ని గేట్లు లేస్తున్నాయి, అర్ధరాత్రి సైరను మోగితే ఏ దారిన ఏ మిట్టకు పోవాలి అన్నది పెన్నా ఒడ్డున వున్న ప్రతి ఇంటికి తెలియాలి. అడగటం ప్రజల వంతు. చదివి చెప్పటం అధికారుల వంతు. చదివినది నిజమో కాదో తేల్చటం ఊరి బిడ్డ వంతు.

వెనకటికి ప్రతి చెరువుకు ఒక నీరుగంటి వుండేవాడు. వాన పడే రాత్రి గొంగడి కప్పుకుని, లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు. ఎక్కడ ఊట వచ్చినా, అలుగుకు ఏమి అడ్డుపడినా ఊరిని లేపేవాడు. ఇప్పటి చెరువులు టీఎంసీలలో వున్నాయి, కట్టలు కొండంత వున్నాయి. వాటికి తగిన నీరుగంట్లు కావాలి. వారు ఇప్పుడు ఈ తాలూకాలలోనే ఏదో హైస్కూలులో తొమ్మిదో తరగతి బల్ల మీద కూర్చుని వుంటారు. వారికి ఈ చదువు ఒకటున్నదని చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులది, ఆ దారిన పోనివ్వవలసిన బాధ్యత తల్లిదండ్రులది.